కాలేయంలో గడ్డకు కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్ ఎలా చేయాలి: బుడగలు పగలకుండా, దొంగ వాషౌట్‌కు మోసపోకుండా

కాంట్రాస్ట్ అల్ట్రాసౌండ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు అడిగేది దాదాపు ఒకే ప్రశ్న. మందు ఎక్కించాం, కాలేయం సరిగ్గా మెరవలేదు, లేదా మెరిసి రెండు నిమిషాలకే చీకటైపోయింది, తప్పు ఎక్కడ జరిగింది? చాలాసార్లు తప్పు మందుది కాదు, రోగిదీ కాదు. ఈ మందు అంటేనే రక్తంలో తిరిగే సన్నని వాయు బుడగలు. ఆ బుడగలు గడ్డను చేరకముందే పగిలిపోయాయి, లేకపోతే చేరాక మనమే ప్రోబ్‌తో పగలగొట్టాం. గడ్డ మొదట మెరిసి, తర్వాత చుట్టూ ఉన్న కాలేయం కంటే నల్లబడడాన్ని వాషౌట్ అంటారు. బుడగలు పగిలినందువల్ల అలా కనిపిస్తే అది దొంగ వాషౌట్. కింద రాసినదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

మామూలు అల్ట్రాసౌండ్ బాగా వచ్చిన రేడియాలజిస్టులు, సోనోగ్రాఫర్లు, వాళ్లకు సాయంగా నిలబడే నర్సుల కోసం ఇది. ఉదాహరణకు తీసుకున్న మందు సోనోవ్యూ. కొన్ని దేశాల్లో దీన్నే లూమసాన్ అంటారు. మిగతా మందుల తేడాలు చివర్లో ఉన్నాయి.

సిద్ధాంతం తెలియాల్సినంతే చెబుతాను. ఒక్కో బుడగ సగటున 2.5 మైక్రాన్లు, అంటే ఎర్ర రక్తకణం కంటే చిన్నది. లోపల సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువు, చుట్టూ ఫాస్ఫోలిపిడ్ పొర. ఊపిరితిత్తుల కేశనాళికల్లోంచి సులువుగా దాటిపోతుంది కానీ రక్తనాళం గోడ దాటి బయటికి రాదు. సీటీలో వాడే అయోడిన్ మందు కణజాలంలోకి ఇంకుతుంది, ఇది ఇంకదు. అందుకే ఒకే గడ్డ సీటీలో ఒకలా, ఇక్కడ ఇంకోలా కనిపించవచ్చు. తక్కువ శబ్ద పీడనంలో బుడగ ఉబ్బుతూ కుంచించుకుంటూ తనదైన హార్మోనిక్ సంకేతాన్ని వెనక్కి పంపుతుంది. పీడనం పెరిగితే పగిలిపోతుంది. ఆ పీడనాన్ని సూచించే అంకే మెకానికల్ ఇండెక్స్, వాడుకలో ఎంఐ.

కావాల్సినవి

- కాంట్రాస్ట్ మోడ్ ఉన్న యంత్రం, ఆ మోడ్‌ను సపోర్ట్ చేసే కాన్వెక్స్ ప్రోబ్. చాలా యంత్రాల్లో ఇది విడిగా తెరిపించుకోవాల్సిన సాఫ్ట్‌వేర్. యంత్రంలో ఉన్నా మీ ప్రోబ్‌కు లేకపోవచ్చు. రోగిని పిలిచే ముందే చూసుకోండి.
- మందు కిట్: 25 మి.గ్రా. పొడి ఉన్న సీసా, 5 మి.లీ. సెలైన్ నింపిన సిరంజి, రెంటినీ కలిపే ట్రాన్స్‌ఫర్ స్పైక్.
- 20 గేజ్ కాన్యులా. నరం సన్నగా ఉంటే 22 గేజ్. అంతకంటే సన్నది వద్దు.
- త్రీ-వే స్టాప్‌కాక్ (మూడు దారులున్న చిన్న కవాటం), ఫ్లష్ కోసం 10 మి.లీ. సిరంజిలో 0.9 శాతం సెలైన్.
- తెర మీద నడిచే టైమర్, క్లిప్పులు దాచుకోవడానికి చాలినంత ఖాళీ.
- అడ్రినలిన్, ఆక్సిజన్, బీపీ యంత్రం, పల్స్ ఆక్సీమీటర్, అత్యవసర ట్రే. ఇవి గదిలో చేతికందే చోట ఉండాలి. పక్క వార్డులో ఉన్నాయంటే లేనట్టే.
- ఇద్దరు మనుషులు. ప్రోబ్ పట్టుకున్నవారే మందు ఎక్కించడం కుదరదు.

1. ముందు రోగిని అడగండి

గతంలో ఈ మందుకు గానీ, పాలీఇథిలీన్ గ్లైకాల్‌కు గానీ అలర్జీ వచ్చిందా? ఈ మందులో పాలీఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. కొన్ని విరేచన మందుల్లో, కొన్ని ఇంజెక్షన్లలో కూడా ఉంటుంది కాబట్టి రోగికి ఆ పేరు తెలియకపోయినా, కొలనోస్కోపీకి ముందు తాగిన మందుతో దద్దుర్లు వచ్చాయా అని అడిగితే జవాబు దొరుకుతుంది. గుండె సంగతి కూడా తప్పక అడగాలి: ఇటీవల గుండెపోటు, ఆగకుండా వస్తున్న ఛాతీ నొప్పి, తీవ్రమైన పల్మనరీ హైపర్‌టెన్షన్, గుండెలో కుడి నుంచి ఎడమకు షంట్ (రక్తం అడ్డదారిన దాటిపోవడం), అదుపులో లేని బీపీ. ఏది పూర్తిగా నిషిద్ధం, ఏది జాగ్రత్త మాత్రమే అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. మీ పెట్టెలో వచ్చిన కరపత్రం ఏం చెబుతుందో అదే పాటించండి. షాక్‌వేవ్‌తో రాళ్లు పగలగొట్టే చికిత్స 24 గంటల్లోపు ఉంటే ఈ పరీక్ష వాయిదా వేయండి.

క్రియాటినిన్ పరీక్ష అక్కర్లేదు. ఈ వాయువు మూత్రపిండాల గుండా పోదు, ఊపిరితో బయటికి వెళ్లిపోతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్న రోగికి దీనివల్ల కలిగే మేలు చాలా పెద్దది. అయినా ఇంకా కొందరు రిపోర్టు కోసం రోజంతా ఆపి కూర్చోబెడుతున్నారు, ఆ అవసరం లేదు.

2. మామూలు స్కాన్ చేసి ఒక తలాన్ని ఎంచుకోండి

గడ్డ ఎక్కడుందో, ఎంతుందో, డాప్లర్‌లో ఎలా ఉందో ముందే రాసుకోండి. తర్వాత గడ్డ బాగా కనిపించే ఒకే ఒక్క తలాన్ని ఎంచుకోండి. ఊపిరి పీల్చినప్పుడు కాలేయం పైకీ కిందకీ కదులుతుంది. మీ తలం నిలువుగా ఉంటే గడ్డ తెరలోనే అటూ ఇటూ జరుగుతుంది, అడ్డంగా ఉంటే తెరలోంచి మాయమవుతుంది. కాబట్టి వీలైనంతవరకు నిలువు తలమే మేలు. రోగిని ఎడమ పక్కకు కొద్దిగా తిప్పితే చాలాసార్లు కుడి లోబ్ పక్కటెముకల కింది నుంచి దొరుకుతుంది.

ఊపిరి బిగబట్టమని చెప్పకండి. నలభై సెకన్లు బిగబట్టిన రోగి, సరిగ్గా ముఖ్యమైన సమయంలో పెద్దగా ఊపిరి తీస్తాడు. నెమ్మదిగా, పైపైన పీల్చడం ముందే ఒకటి రెండుసార్లు సాధన చేయించండి.

గడ్డ 12 సెం.మీ. కంటే లోతుగా ఉంటే, లేదా కొవ్వు బాగా పట్టిన కాలేయంలో ఉంటే, ఫలితం బలహీనంగా ఉంటుందని ముందే అనుకోండి. ప్రోబ్‌ను ఇంకా దగ్గరగా తెచ్చే దారి వెతకండి. అసలు మామూలు స్కాన్‌లోనే కనబడని కాలేయం కాంట్రాస్ట్‌తో కనబడుతుందని ఆశపడవద్దు.

3. కాన్యులా, స్టాప్‌కాక్

మీరు రోగికి కుడివైపు కూర్చుంటే కాన్యులా ఎడమ మోచేతి నరంలో పెట్టించండి. సాయం చేసేవారికి చోటు ఉంటుంది.

స్టాప్‌కాక్ అమర్చేటప్పుడు మందు సిరంజి కాన్యులాకు తిన్నగా, ఒకే వరసలో ఉండాలి. పక్క ద్వారానికి సెలైన్ సిరంజి పెట్టాలి. చాలామంది తిరగేసి పెడతారు. 90 డిగ్రీల మలుపులో, సన్నని దారిలో ఒత్తిడికి బుడగలు పగులుతాయి. సన్నని సూది వద్దనడానికీ కారణం ఇదే. దారిలో ఫిల్టర్ ఉంటే తీసేయండి.

4. యంత్రాన్ని మందు కలపకముందే సెట్ చేయండి

ఈ అడుగుకు ఎక్కువ సమయం ఇవ్వండి. పాడైన పరీక్షల్లో చాలా భాగం ఇక్కడే పాడవుతాయి.

కాంట్రాస్ట్ మోడ్ నొక్కి, రెండు బొమ్మలు పక్కపక్కన కనిపించేలా పెట్టండి. ఒకవైపు మామూలు బొమ్మ, ఇంకోవైపు కాంట్రాస్ట్ బొమ్మ. మామూలు వైపు కూడా ఇప్పుడు కాస్త మసకగా ఉంటుంది, ఎందుకంటే అక్కడా పీడనం తక్కువే.

ఎంఐ: చాలా యంత్రాల్లో 0.05 నుంచి 0.10 మధ్య మొదలుపెట్టండి. తెర మీద 0.08 అని ఉన్నంతమాత్రాన అన్ని లోతుల్లో అంతే పీడనం ఉండదు. అది యంత్రం లెక్కగట్టిన గరిష్ఠం. ఒక కంపెనీ 0.08, ఇంకో కంపెనీ 0.08 ఒకటే అనుకోకండి. మీ యంత్రానికి సరిపోయే అంకెను నాలుగైదు పరీక్షల్లో తేల్చుకుని, దాన్ని ప్రీసెట్‌గా దాచుకోండి.

ఫోకస్: గడ్డ కింది అంచు దగ్గర, లేదా ఇంకాస్త కింద. ఫోకస్ గడ్డ పైన ఉంటే దగ్గరి బుడగలు వేగంగా పగులుతాయి.

గెయిన్: కాంట్రాస్ట్ వైపు గెయిన్ పెంచుతూ వెళ్లండి, బొమ్మంతా సన్నని నలుసులు కనిపిస్తాయి. ఇప్పుడు నెమ్మదిగా తగ్గించండి. నలుసులు పోతూ పోతూ అక్కడక్కడా మిగిలినచోట ఆపేయండి. కాలేయం దాదాపు నల్లగా, డయాఫ్రమ్ గీత మాత్రం లీలగా కనిపించాలి. పూర్తిగా నల్లబడితే అదీ తప్పే. తక్కువ సంకేతాన్ని మీరు కోల్పోతారు, లేని వాషౌట్‌ను ఉన్నట్టు రాస్తారు.

ఫ్రేమ్ రేటు సెకనుకు 10కి తగ్గకూడదు. తగ్గితే డెప్త్, సెక్టర్ వెడల్పు తగ్గించండి.

చివరగా, మందు ఎక్కించకముందే ఐదు సెకన్ల క్లిప్ ఒకటి దాచండి. కాల్సిఫికేషన్, తెల్లటి హెమాంజియోమా (రక్తనాళాలతో ఏర్పడే, క్యాన్సర్ కాని గడ్డ) లాంటివి మందు లేకుండానే కాంట్రాస్ట్ వైపు మెరుస్తాయి. ఆ క్లిప్ లేకపోతే తర్వాత ఏది మందో ఏది కణజాలమో చెప్పలేరు.

5. మందు కలపడం

రోగి, యంత్రం, కాన్యులా అన్నీ సిద్ధమయ్యాకే సీసా తెరవండి.

సిరంజిని స్పైక్‌కు బిగించండి. సీసా మూత తీసి, స్పైక్ లోకి గట్టిగా నొక్కి కూర్చోబెట్టండి. 5 మి.లీ. సెలైన్ మొత్తం సీసాలోకి నెట్టండి. తర్వాత 20 సెకన్లు గట్టిగా కుదపండి. గడియారం చూసే కుదపండి, అంచనాతో కాదు. పది సెకన్లకే ఆపేసేవాళ్లు ఎక్కువ. పాలలా తెల్లగా, అంతటా ఒకేలా ఉండాలి. ద్రవం తేటగా కనిపించినా, పొడి ముక్కలు తేలుతున్నా ఆ సీసాను పక్కన పెట్టేయండి, వాడకండి.

తలకిందులు చేసి, కావాల్సినంత నెమ్మదిగా లాగండి. వేగంగా లాగితే లోపల పీడనం పడిపోయి బుడగలు చెడతాయి. సిరంజిలోకి తీసిన మందును వెంటనే ఎక్కించాలి. బుడగలు తేలికైనవి కాబట్టి నిలబెట్టిన సిరంజిలో పైకి చేరతాయి. కలిపిన సీసా 6 గంటల వరకు పనికొస్తుంది కానీ ప్రతిసారీ తీసే ముందు మళ్లీ కుదపాలి.

6. ఎక్కించడం

పెద్దవాళ్లకు కాలేయానికి కరపత్రంలో ఉన్న మోతాదు 2.4 మి.లీ. కొత్త యంత్రాలతో అందులో సగం, అంటే 1.2 మి.లీ.తో కూడా మంచి బొమ్మలు వస్తున్నాయని అనుభవం ఉన్న చాలా కేంద్రాలు తగ్గించి వాడుతున్నాయి. కొత్తవాళ్లు మాత్రం పూర్తి మోతాదుతోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. యంత్రం చేతికి అలవాటయ్యాక తగ్గించుకోవచ్చు.

మందును ఒక్క తోపులో, రెండు సెకన్లలో ఇవ్వండి. వెంటనే స్టాప్‌కాక్ తిప్పి 5 నుంచి 10 మి.లీ. సెలైన్, సెకనుకు సుమారు 2 మి.లీ. వేగంతో. సెలైన్ మొదలైన క్షణంలో టైమర్ నొక్కండి. "సెలైన్" అని సాయం చేసేవారు గట్టిగా అనాలి, మీరు నొక్కాలి. ఒక్కొక్కరు ఒక్కోచోట టైమర్ మొదలుపెడితే 55వ సెకనుకు, 65వ సెకనుకు ఉన్న తేడా అర్థం లేనిదవుతుంది. ఆ తేడాతోనే రోగ నిర్ధారణ మారిపోతుంది.

7. చూడడం

ధమని దశ: 10 నుంచి 20 సెకన్ల మధ్య మొదలై 30–45 సెకన్ల దాకా ఉంటుంది. మందు మొదట కనిపించినప్పటి నుంచి 60వ సెకను వరకు ప్రోబ్ కదపకుండా, ఆపకుండా రికార్డు చేయండి. ఈ కాసేపు మాట్లాడకండి, కాలిపర్ ముట్టుకోకండి. గడ్డ ఏ వైపు నుంచి నిండుతోంది, అంచు నుంచా, మధ్య నుంచా అన్నది రెండు మూడు సెకన్లలో జరిగిపోతుంది. తర్వాత క్లిప్‌ను ఫ్రేమ్ ఫ్రేమ్‌గా వెనక్కి తిప్పి చూస్తేనే తెలుస్తుంది.

పోర్టల్ దశ: అక్కడి నుంచి 120 సెకన్ల వరకు. చివరి దశ: ఆ తర్వాత బుడగలు పోయేదాకా, సాధారణంగా 4 నుంచి 6 నిమిషాలు.

60 సెకన్ల తర్వాత ప్రోబ్‌ను ఎత్తేయండి, లేదా బొమ్మను ఫ్రీజ్ చేయండి. ప్రతి 30 సెకన్లకు ఒకసారి కొద్ది సెకన్లు చూసి, క్లిప్ దాచి, మళ్లీ ఆపండి. ఇదే చాలామంది మరిచిపోయేది. ఆగకుండా చూస్తూ ఉంటే మీ తలంలోని బుడగలను మీరే చంపేస్తారు. సిర్రోసిస్ ఉన్న రోగిలో మాత్రం తొందరపడి మూడో నిమిషంలో లేవకండి. కాలేయ క్యాన్సర్‌లో వాషౌట్ ఆలస్యంగా, తేలికగా వస్తుంది. ఒక్కోసారి నాలుగో నిమిషం దాటాకే కనిపిస్తుంది.

చివరి దశలో కాలేయం మొత్తం ఒకసారి తిరగండి. నల్లని మచ్చలుగా కనిపించే కొత్త గడ్డలు మామూలు స్కాన్‌లో దొరకనివి ఇక్కడ దొరుకుతాయి.

8. రెండో డోసు

ధమని దశ తప్పిపోతే, లేదా ఇంకో గడ్డ చూడాల్సి వస్తే రెండోసారి ఇవ్వవచ్చు. 10 నుంచి 15 నిమిషాలు ఆగి, పాత బుడగలు పోయాయని చూసుకుని, సీసా మళ్లీ కుదిపి ఇవ్వండి. ఫ్లాష్ బటన్ ఒక్క క్షణం ఎంఐ పెంచి తలంలోని బుడగలను పగలగొడుతుంది. కొత్త బుడగలు ఎలా నిండుతున్నాయో మళ్లీ చూడడానికి అది బాగా పనికొస్తుంది. కానీ రక్తంలో తిరుగుతున్న మిగతా బుడగలను అది తీసేయలేదు, కాబట్టి ఎదురుచూడడానికి బదులు ఫ్లాష్ కాదు.

9. తర్వాత

కాన్యులా తీయకుండా రోగిని కనీసం 30 నిమిషాలు కనిపెట్టండి. ఈ మందుకు తీవ్రమైన రియాక్షన్లు చాలా అరుదు. 2006లో వెలువడిన ఇటలీ అధ్యయనంలో 23,188 పొట్ట పరీక్షలకు తీవ్రమైనవి రెండే. కానీ వచ్చినప్పుడు నిమిషాల్లోనే వస్తాయి. దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, బీపీ పడిపోవడం, నడుం నొప్పి మొదలైతే వెంటనే ఆపి, అనాఫిలాక్సిస్ అనిపిస్తే పెద్దవాళ్లకు అడ్రినలిన్ 0.5 మి.గ్రా. తొడ కండరంలో ఇవ్వాలి. ఆ ట్రే ఎక్కడుందో అప్పుడు వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

ఏం తప్పిందో ఎలా కనిపెట్టాలి

దొంగ వాషౌట్. గడ్డ నల్లబడింది, నిజమేనా? ప్రోబ్‌ను అప్పటిదాకా చూడని కాలేయ భాగానికి జరపండి. అక్కడ బాగా మెరుస్తూ, మీరు చూసిన తలంలో గడ్డ చుట్టూ ఉన్న కాలేయం కూడా చీకటిగా ఉంటే, బుడగలు మీ వల్ల పగిలాయి. గడ్డ మాత్రమే నల్లబడి చుట్టూ కాలేయం మెరుస్తుంటే అది నిజం. ప్రోబ్‌కు దగ్గరగా ఉన్న గడ్డల విషయంలో మరీ జాగ్రత్త, పైపొరల్లో బుడగలు ముందు పగులుతాయి. ఎంఐ తగ్గించి, ఇంకో దిక్కు నుంచి మళ్లీ చూడండి.

పైన మెరుపు, కింద చీకటి. ధమని దశలోనే దగ్గరి కాలేయం తెల్లగా పేలిపోయి వెనకంతా నీడ పడితే మోతాదు ఎక్కువైంది. ఒక నిమిషం ఆగితే నీడ తగ్గుతుంది కానీ ధమని దశ పోయినట్టే. రెండో డోసు సగానికి తగ్గించండి. ఇలాంటప్పుడు గెయిన్ పెంచడం పొరపాటు.

మెరుపే లేదు. ముందు గెయిన్, తర్వాత ఎంఐ, తర్వాత స్టాప్‌కాక్ ఏ వైపు తిరిగి ఉంది, చేయి వాచిందా చూడండి. పోర్టల్ సిర, హెపాటిక్ ధమని కూడా మెరవకపోతే మందు చేరలేదు. నాళాలు మెరిసి గడ్డ మాత్రం మెరవకపోతే, అది రోగి గురించిన సమాచారం.

రెండు నిమిషాలకే మొత్తం కాలేయం ఆరిపోతే మోతాదు తక్కువ, లేదా కుదపడం తక్కువ, లేదా ఎంఐ ఎక్కువ. ఒకటే మార్చి చూడండి, మూడూ ఒకేసారి మారిస్తే ఏది కారణమో ఎప్పటికీ తెలియదు.

రిపోర్టులో వాడాల్సిన మాటలు

మామూలు స్కాన్‌కు వాడే హైపర్‌ఎకోయిక్, హైపోఎకోయిక్ కాంట్రాస్ట్ బొమ్మకు వాడకండి. పక్క కాలేయంతో పోల్చి హైపర్‌ఎన్‌హాన్స్‌మెంట్, ఐసో, హైపో, నాన్ అని నాలుగే రాయండి. ప్రతిదానికీ దశ, సమయం జతచేయండి. "వాషౌట్ ఉంది" అని వదిలేస్తే చదివేవారికి ఏమీ చెప్పినట్టు కాదు. ఏ సెకనులో మొదలైంది, తేలికపాటిదా గాఢమైనదా అన్నది రాయాలి.

కాలేయ క్యాన్సర్ ముప్పు ఉన్న రోగికి ధమని దశలో గడ్డ మెరిసి, 60 సెకన్లు దాటాక తేలికగా వాషౌట్ అయితే, 10 మి.మీ. పైబడిన గడ్డకు లై-రాడ్స్‌లో (గడ్డ కాలేయ క్యాన్సర్ అయ్యే అవకాశాన్ని బట్టి తరగతులు ఇచ్చే పద్ధతి) అది ఐదో తరగతి, అంటే కాలేయ క్యాన్సర్ దాదాపు ఖాయం. 60 సెకన్లలోపే వాషౌట్ అయితే, లేదా అంచు మాత్రమే ఉంగరంగా మెరిస్తే, క్యాన్సరే గానీ కాలేయ కణాలది కాకపోవచ్చు, అంటే ఎమ్ తరగతి. అంచున ముద్దలు ముద్దలుగా మొదలై లోపలికి నిండుతూ చివరిదాకా మెరుస్తూ ఉంటే హెమాంజియోమా. మధ్య నుంచి బండి చక్రం ఆకుల్లాగా బయటికి వేగంగా నిండితే ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా అనే క్యాన్సర్ కాని గడ్డ. అన్ని దశల్లో కాలేయంతో సమానంగా ఉంటే కొవ్వు హెచ్చుతగ్గులు కావచ్చు. ఏ దశలోనూ మెరవకపోతే సిస్టు లాంటిది.

ఎంఐ, మందు పేరు, మోతాదు, ఎన్ని డోసులు, పరీక్ష ఎంతసేపు చూశారు అన్నవి కూడా రాయండి. మూడు నెలల తర్వాత ఫాలోఅప్ చేసేవారికి పోల్చడానికి అదే ఆధారం.

వేరే మందు, వేరే అవయవం

సోనాజాయిడ్ పెర్‌ఫ్లోరోబ్యూటేన్ బుడగలు. కాలేయంలోని కుప్ఫర్ కణాలు (రక్తంలోని పరాయి వాటిని మింగే రక్షణ కణాలు) వీటిని మింగుతాయి కాబట్టి 10 నిమిషాల తర్వాత ఇంకో దశ దొరుకుతుంది. మోతాదు కిలోకు 0.015 మి.లీ., కలపడానికి 2 మి.లీ. ఇంజెక్షన్ నీరు. దీని పొర గుడ్డు నుంచి తీసిన పదార్థంతో చేసినది, గుడ్డు అలర్జీ ఉందేమో అడగాలి. డెఫినిటీ చేతితో కుదిపేది కాదు, దానికి ప్రత్యేకమైన కుదిపే యంత్రంలో 45 సెకన్లు పెట్టాలి. ఆప్టిసాన్ పొర మానవ ఆల్బుమిన్.

సోనోవ్యూతోనే మూత్రపిండానికి 1 నుంచి 1.5 మి.లీ. తరచుగా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ రక్తం ఎక్కువ, నీడ పడే ప్రమాదమూ ఎక్కువ. థైరాయిడ్, లింఫ్ గ్రంథుల్లాంటి పైపై అవయవాలకు హై ఫ్రీక్వెన్సీ లీనియర్ ప్రోబ్ వాడితే 4.8 మి.లీ. దాకా అవసరం పడవచ్చు. ఈ బుడగలు 3 మెగాహెర్ట్జ్ దగ్గర బాగా స్పందిస్తాయి, పౌనఃపున్యం పెరిగేకొద్దీ స్పందన తగ్గుతుంది. 4.8 మి.లీ. అంటే సీసా దాదాపు ఖాళీ. అలాంటి రోగికి మొదటి డోసే చివరిది అనుకుని, సెట్టింగ్ అంతా ఇంకోసారి చూసుకున్నాకే స్టాప్‌కాక్ తిప్పండి.